బండ్లు రాని బజారు

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి కోడలిగా వచ్చిన కొత్తలో నాకు రాత్రిళ్ళు కూడా చెవుల్లో బండ్ల చప్పుడే వినిపించేది. మా నాయన నేతపని చేసేవాడు. పుట్టింట్లో పొద్దున లేచిన దగ్గర నుంచి మగ్గం చప్పుడు తప్ప ఇంకోటి తెలియదు. అది ఒక లెక్కలో సాగే చప్పుడు, దానికి నిద్ర కూడా వస్తుంది. ఆదోనిలో మా అత్తగారిల్లు నడిబజారులో ఉండేది. ముందు భాగం నేరుగా వీధిలోకే తెరుచుకుంటుంది. తెల్లారకముందే ఎద్దుల బండ్లు, ఆపైన జట్కాలు, తోపుడు బండ్లు, పత్తి కాలంలో అయితే లారీలు. మనుషులు గోడలకు అంటుకుని నడవాల్సిందే.

మా మామ జట్కా తోలేవాడు. ఇంటిని ఆనుకుని చిన్న కొట్టం, అందులో తెల్లటి ఆడగుర్రం. స్టేషనుకు రైలు వచ్చే వేళలన్నీ ఆయనకు నోటికి వచ్చు. మాట మాత్రం చాలా తక్కువ. ఇంటికి రాగానే అరుగు మీద కూర్చుని తలరుమాలు విప్పి, మల్లెపూల పొట్లం గడప మీద పెట్టేవాడు. ఎవరికని చెప్పేవాడు కాదు. మా అత్త వచ్చి తీసుకునేది. మా ఆయన దూది మిల్లులో పనిచేసేవాడు. ఇంట్లో మేం నలుగురమే.

నేను వచ్చి వారమైనా కాకముందే ఒక సంగతి గమనించాను. మా అత్త గడప దాటేది కాదు. ఇంట్లో ఆమె నడకకు లోటేం లేదు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడిచేది, అంతే. మిద్దె మెట్లెక్కి మిరపకాయలు ఎండబెట్టి వచ్చేది, బావిలో నీళ్ళు చేదేది. కానీ వీధివైపు వచ్చేసరికి గడప లోపలే ఆగిపోయేది. ఎదురింట్లోనే గాజులంగడి. ఒకరోజు నేను పిలిచాను.

"అత్తా, గాజులంగడికి పోయొద్దాం పా. ఎదురుగానే ఉంది గదా."

"నువ్వు పోయిరా పిల్లా. నాకు ఈడ్నించే కనపడతాది," అంది.

ఆ రాత్రి మా ఆయన చెప్పాడు. ఆయన చిన్నప్పుడు, మా అత్త ఆ గాజులంగడికే వీధి దాటుతుంటే వెనక నుంచి లారీ హారన్ కొట్టిందట. ముందున్న ఎద్దులు బెదిరి పక్కకు లాగినాయి. బండి చక్రం ఆమె పాదం మీదుగా పోయింది. కట్టు కట్టించారు, ఎముక వంకరగా అతుక్కుంది. నొప్పి తగ్గింది గానీ భయం పోలేదు. పండగకు పుట్టింటికి పోవాలన్నా మా మామ జట్కాను గడపకు ఆనించి పెడితే, కళ్ళు మూసుకుని ఎక్కేదట. తర్వాత తర్వాత అదీ మానేసింది.

గాజులంగడి నడిపేది ఒక సాయిబుల ఆమె. పెనిమిటి పోయినాక అంగడి ఆమే చూసుకుంటోంది. మోకాళ్ళ నొప్పులు, పైగా అంగడి వదిలి కదిలేందుకు లేదు. పండగలప్పుడు మాత్రం ఒక్కసారి వచ్చి మా అత్తకు గాజులు తొడిగి పోయేది. మిగతా రోజుల్లో ఇద్దరూ ఎవరి గడపలో వాళ్ళు కూర్చుని వీధికి అడ్డంగా మాట్లాడుకునేవాళ్ళు. ఆ మాటలు వింటే నాకు నవ్వొచ్చేది.

"అక్కా, నీ మనమరాలికి..." అని మా అత్త మొదలుపెట్టగానే పత్తి మూటల బండి మధ్యలోకి వచ్చేది. అది పోయేదాకా ఇద్దరూ నోరు మూసుకుని ఓపిగ్గా కూర్చునేవాళ్ళు. బండి దాటగానే మా అత్త "జొరం తగ్గిందా?" అని మాట పూర్తి చేసేది. ఆమె "తగ్గింది చెల్లెలా, రాత్రి..." అనేలోగా జట్కా వచ్చేది. ఇట్లా ఒక జ్వరం సంగతి తెలుసుకోవడానికి మధ్యాహ్నమంతా పట్టేది. అయినా వాళ్ళిద్దరిలో ఒకరి ఇంట్లో సంగతి ఇంకొకరికి తెలియనిదంటూ లేదు.

నేను వచ్చిన మరుసటి ఏడు పత్తి బాగా పండింది. కౌతాళం వైపు నుంచి, ఆలూరు వైపు నుంచి బండ్లు బారులు తీరి వచ్చాయి. ఒకరోజు పొద్దున ఎవరో లారీవాడు స్టేషనుకు దగ్గర దారి అవుతుందని మా బజారులోకి దూరాడు. ఎదురుగా బండ్లు ఉన్నాయి, ముందుకు పోలేడు. వెనక్కి తీయబోయాడు. లారీ వెనక భాగం పోయి గాజులంగడిని గుద్దింది. ముందు పంచ కూలింది. అద్దాల బీరువాలు, గాజుల దండలు అన్నీ వీధిలోకి పడ్డాయి. ఎరుపు, పచ్చ, నీలం, ఆ గాజుపెంకుల మధ్య ఎద్దులు కాళ్ళు పెట్టలేక నిలబడిపోయాయి.

మా అత్త ఒక్కసారిగా "అక్కా" అని అరిచింది. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. ఆమె రెండు చేతులతో తలుపు చట్రం పట్టుకుని ఉంది. ఒక కాలు గడప మీద పెట్టింది, రెండో కాలు లేవడం లేదు. "పో పిల్లా, నువ్వు పో. సూసి రా. ఉందా లేదా సూసి రా," అంటోంది.

నేను గాజుపెంకుల మీదుగానే దాటాను. గాజులామె నీళ్ళు తాగడానికి లోపలికి పోయిందట, అందుకని దెబ్బ తగల్లేదు. వెనక గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బతికే ఉందని నేను వెనక్కి తిరిగి చేయి ఊపాను. మా అత్త గడప మీదనే కూలబడి ఏడ్చింది. ఎదురుగానే అంత ఘోరం జరిగితే పోయి పలకరించలేకపోయానన్న బాధ ఆమెది. ఆ రోజంతా అన్నం ముట్టలేదు. సాయంత్రం మా మామ మల్లెపూలు పెడితే, "అక్కకు ఇచ్చిరా," అని నా చేతికిచ్చింది. విధవరాలికి పూలేమిటని నేను సందేహిస్తుంటే, "తలలో పెట్టుకోమని కాదు. పక్కన పెట్టుకుంటాది. వాసన బాగుంటాది," అంది.

ఆ తర్వాత బజారు వాళ్ళంతా కదిలారు. మునిసిపాలిటీ వాళ్ళు రెండు మూడుసార్లు వచ్చి చూసి పోయారు. చివరికి మా వీధిలోకి బండ్లు, లారీలు, జట్కాలు ఏవీ రాకూడదని తీర్మానం చేశారు. వీధికి రెండు కొనల్లోనూ రాతి కూసాలు నాటించారు, పొలాల చుట్టూ కంచెకు నాటుతారే, అట్లాంటి రాళ్ళే. వాటి మధ్య మనిషి పట్టేంత సందు. ఇది నడిచేవాళ్ళ వీధి, బండ్లు రాగూడదు అని బోర్డు కట్టారు. అట్లాంటి మాట ఆదోనిలో అంతకుముందు ఎవరూ విని ఉండరు. చాలామంది నవ్వారు. వీధి అంటేనే బండ్లు పోవడానికి గదా అన్నారు.

అందరికంటే ఎక్కువ కోపం వచ్చింది మా మామకు. ఆయన జట్కా నిలబెట్టే చోటు మా ఇంటి ముందరే. కొట్టమూ అక్కడే.

"నా ఇంటికి నా బండి రాగూడదంట. ఇంగ నేనెందుకు ఈడ ఉండేది," అన్నాడు అరుగు మీద కూర్చుని. ఆయన అంత పెద్ద మాట అనడం నేను వినడం అదే మొదటిసారి.

మరుసటి రోజు సాయంత్రం ఆయన జట్కాను వీధి మొగదల వేపచెట్టు కింద విడిచి, గుర్రాన్ని మాత్రం పగ్గం పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. గుర్రం కూసాల మధ్య నుంచి కడుపు ఎగబీల్చుకుని దూరింది. అక్కడ కాపలా పెట్టిన బంట్రోతు ఆయన వెంటే వచ్చాడు. మా ఇంటి ముందర ఇద్దరికీ మాటామాటా వచ్చింది.

"ఏమప్పా, బోర్డు సదవలేదా? బండ్లు రాగూడదు."

"బండి యాడుండాది? ఆడ సెట్టు కింద ఇడిసొచ్చినా."

"మరి గుర్రమో?"

"గుర్రం నడుస్తాంది. నడిచేటోళ్ళకే గదా ఈ వీధి?"

బంట్రోతు కాసేపు గుర్రాన్ని, కాసేపు మా మామను చూశాడు. అంగళ్ళలో వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. బంట్రోతుకూ నవ్వొచ్చింది. "సరేలే అన్నా, పేడ మాత్రం నువ్వే ఎత్తుకో," అని పోయాడు. అప్పటి నుంచి మా గుర్రానికి ఎవరూ అడ్డం చెప్పలేదు.

ఇక ఇంట్లో సంగతి. బండ్లు ఆగిపోయిన మొదటి రోజుల్లో మా అత్తకు తోచేది కాదు. మధ్యాహ్నం కాస్త కునుకు తీయబోయి, లేచి కూర్చునేది. "ఏంది పిల్లా, ఊర్లో ఎవరన్నా పోయినారా? ఇంత సద్దు లేకుండా ఉండాదేంది," అని అడిగేది. గాజులామె, మా అత్త ఎప్పటిలాగే ఇటు నుంచి అటు కేకలేసుకునేవాళ్ళు. నాలుగో రోజో అయిదో రోజో గాజులామె, "చెల్లెలా, ఎందుకట్ల అరుస్తాండావు? నాకు బాగా వినపడతాంది," అంది. మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత ఇద్దరూ గొంతు తగ్గించారు. ఆమె గొంతు అంత మెత్తగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

సాయంత్రమైతే వీధి మధ్యలో మనుషులు నిలబడి మాట్లాడుకునేవాళ్ళు. బొరుగుల అంగడి ఆయన ఉగ్గాని పొయ్యి బయటికి తెచ్చి పెట్టాడు. ఆడవాళ్ళు చంకన పిల్లల్ని వేసుకుని, వెనక్కి తిరిగి చూసుకోకుండా నడిచేవాళ్ళు. అదంతా మా అత్త గడప లోపల నుంచే చూసేది. నేను రెండుసార్లు పిలిచాను. "ఇంగ బండ్లు రావు గదా అత్తా," అన్నాను. "వస్తాయేమో ఎవరికి తెలుసు," అంది. నేను మళ్ళీ అడగలేదు.

రోజూ సాయంత్రం గుర్రం ఇంటికి రాగానే గడపలో నిలబడిన మా అత్త చేతి నుంచి ఒక జొన్నరొట్టె ముక్క తినడం దానికి అలవాటు. అది తిన్నాకే కొట్టంలోకి పోయేది. ఒకరోజు మా మామ దాన్ని గడప దాకా తేలేదు. వీధికి సరిగ్గా నడిమధ్యలో ఆపేశాడు. మా అత్త రొట్టె ముక్క పట్టుకుని ఎదురుచూస్తోంది.

"తోలుకొని రా," అంది.

"రానంటాంది," అన్నాడు మా మామ.

"ఎందుకు రాదు? పగ్గం లాగు."

"లాగినా రాదు. నువ్వే రా."

ఆయన పగ్గం లాగలేదని నాకు కనబడుతూనే ఉంది. మా అత్తకూ కనబడింది. ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన మాత్రం ఆమె వైపు చూడకుండా, గుర్రం మెడ మీద ఉన్న దుమ్ము దులుపుతున్నాడు. అంగళ్ళ వాళ్ళు ఎవరి పనిలో వాళ్ళున్నారు. ఎదురుగా గాజులామె మాత్రం లేచి నిలబడింది.

మా అత్త తల బయటికి పెట్టి కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. మళ్ళీ కుడివైపు చూసింది. నేను వెనకే ఉన్నాను గానీ చేయి పట్టుకోలేదు. పట్టుకుంటే లోపలికి వచ్చేస్తుందేమోనని నాకు భయం. ఆమె రొట్టె ముక్క ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చేత్తో గోడ పట్టుకుని అరుగు మెట్టు దిగింది. వీధిలో మట్టి ఆ పూట చల్లిన నీళ్ళకు తడిగా ఉంది. ఆమె అరికాలు దానికి తగలగానే ఒక్క క్షణం ఆగింది. తర్వాత గోడ వదిలేసింది.

గుర్రం దగ్గరికి చేరాక దాని వీపు మీద చేయి వేసి అట్లాగే నిలబడిపోయింది. గుర్రం రొట్టె తినేసి ఇంకా కావాలని ఆమె భుజం మీద మూతి రాసింది. మా మామ అప్పుడు, "ఇంగ కొంచెం పోదాం పా," అన్నాడు. గుర్రానికి అటువైపు ఆయన, ఇటువైపు ఆమె. ముగ్గురూ గాజులంగడి దాకా నడిచారు. ఆ రోజుల్లో మొగుడూ పెళ్ళాం బజారులో పక్కపక్కన నడవడం ఎక్కడిది? ఆయన ముందు పోతే ఆమె వెనక పోవాల్సిందే. మధ్యలో గుర్రం ఉండబట్టి ఎవరికీ తప్పు అనిపించలేదు.

గాజులామె కొత్తగా వేసిన పంచ కిందికి వచ్చి మా అత్త చేతులు పట్టుకుంది. "కూర్చో చెల్లెలా. నీ ఇల్లు ఈడ్నించి ఎట్ల కనపడతాదో సూడు," అంది. మా అత్త అంగడి మెట్టు మీద కూర్చుని తన ఇంటిని చాలాసేపు చూసింది. "గోడకు సున్నం ఏయించాల," అంది.

ఆ రోజు నుంచి సాయంత్రం ముగ్గురి నడక మొదలైంది. మొదట గాజులంగడి దాకా, తర్వాత బట్టలంగళ్ళ దాకా, ఆ తర్వాత కూసాల దగ్గరికి. అంగళ్ళ వాళ్ళు ఆమెను కూర్చోమని పీట వేసేవాళ్ళు. గుడ్డలు కొనకపోయినా తాన్లు విప్పి చూపించేవాళ్ళు. ఎమ్మిగనూరు చీర కనబడితే, "ఇది మా కోడలి ఊరిది," అని అందరికీ చెప్పేది. నేను వంట చేసుకుంటూ వాళ్ళు తిరిగొచ్చే గిట్టల చప్పుడు కోసం చెవి పెట్టి ఉండేదాన్ని.

మళ్ళీ పత్తి కాలం వచ్చేసరికి సమస్య వచ్చింది. పెద్ద వర్తకులకు బండ్లు అంగడి ముందుకు రాకపోతే కష్టంగా ఉంది. మూటలన్నీ వీధి కొన నుంచి హమాలీలు మోయాలి. కూసాలు పీకేయాలని వాళ్ళు మునిసిపాలిటీకి బయల్దేరారు. తమ పక్షాన మాట్లాడతారని జట్కా వాళ్ళను కూడా వెంటబెట్టుకున్నారు. మా మామను ప్రత్యేకంగా పిలిచారు. మొదటి రోజు ఆయన ఎంత కోపం చేశాడో బజారంతా విన్నది గదా. ఆయన రుమాలు కట్టుకుని పోయాడు. మా ఆయన కూడా వెళ్ళాడు. అక్కడ జరిగింది ఆయనే వచ్చి చెప్పాడు.

వర్తకులు మాట్లాడడం అయినాక, ఆఫీసులో పెద్దాయన మా మామను చూసి, "నీ ఇబ్బంది ఏందో సెప్పప్పా," అన్నాడట.

మా మామ లేచి నిలబడి, "అయ్యా, ఆ వీధి మూసినందుకు అందరికంటే ముందు తిట్టినోన్ని నేనే," అన్నాడట. వర్తకులు తలలూపారు. "ఇప్పుడు మాత్రం మూసే పెట్టండి. మా ఇంటామె నడుస్తాంది," అని కూర్చున్నాడట.

ఆఫీసు వాళ్ళకు అర్థం కాలేదు. వీళ్ళింటామె నడిస్తే వీధికేం సంబంధం అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు వర్తకుల్లోనే ఒకాయన, మా వీధి బట్టలంగడి ఆయన, లేచి ఉన్న సంగతంతా చెప్పాడట. చెప్పి, "నేను గూడా తెరవమని అడిగేదానికే వచ్చినా. పొద్దున పూట బండ్లు రానిచ్చి, మద్దేనం నుంచి మూస్తే నాకు సాలు," అన్నాడట. మిగతావాళ్ళు కాసేపు గొణిగి, చివరికి ఒప్పుకున్నారు. వీధికి ఒక కొనలో రెండు కూసాలు తీసి, వాటి చోట అడ్డంగా ఇనప గొలుసు కట్టారు. బంట్రోతు పొద్దున విప్పేవాడు, మధ్యాహ్నం కట్టేవాడు.

మా ఆయన ఇదంతా చెబుతుంటే మా అత్త పొయ్యి ముందర కూర్చుని రొట్టెలు కాలుస్తోంది. మా మామ కాళ్ళు కడుక్కుని వచ్చి తినడానికి కూర్చున్నాడు. ఆమె కాలుతున్న రొట్టె తీసి ఆయన తట్టలో వేసి, వెన్నముద్ద పెట్టి, అది కరిగిపోయేదాకా అక్కడే కూర్చుంది. "తిను, సల్లగైతాది," అంది. ఆయన తిన్నాడు. నేను, మా ఆయన ఏదో పని ఉన్నట్టు బయటికి వచ్చేశాం.

ఆ ఏర్పాటు చాలా ఏళ్ళు సాగింది. మా మామ, మా అత్త ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం తర్వాత మా వీధిలోకి బండి రాలేదు. వాళ్ళు పోయినాక కాలం మారింది, గొలుసు ఎప్పుడు ఊడిందో కూడా నాకు గుర్తులేదు. అయితే ఆ గొలుసు కట్టిన ఏడే జరిగింది ఒకటి మాత్రం నిన్నటిలాగే ఉంది.

నేను నీళ్ళాడడానికి ఎమ్మిగనూరు పోయాను. ఆడబిడ్డ పుట్టింది. అంత దూరం బస్సులో రావడం మా అత్తవల్ల కాలేదు. మా ఆయన చేతికి నెయ్యి, వాము, చిన్న చిన్న నల్లగాజులు ఇచ్చి పంపించింది. గాజులు ఎవరు ఇచ్చారో అడగాల్సిన పని లేదు. బిడ్డకు ఐదో నెల వచ్చాక మా ఆయన వచ్చి మమ్మల్ని ఆదోనికి తీసుకొచ్చాడు. బస్సు దిగేసరికి మా మామ జట్కాతో నిలబడి ఉన్నాడు. బిడ్డ మొహం మీద ఎండ పడకుండా తన రుమాలు విప్పి నాకిచ్చాడు.

వీధి మొగదల చేరేసరికి పెద్ద రోడ్డు మీద లారీలు, బండ్లు కిటకిటలాడుతున్నాయి. మా మామ వేపచెట్టు దగ్గరికి పోవడానికి దారి లేక, రోడ్డుకు అవతలే జట్కా ఆపాడు. చూస్తే కూసాల దగ్గర మా అత్త నిలబడి ఉంది. పక్కన ఎవరూ లేరు. ఇంటి నుంచి అంత దూరం ఒక్కతే వచ్చింది.

"ఆడనే ఉండమను," అన్నాడు మా మామ మా ఆయనతో. ఆయన దిగేలోపలే ఆమె కూసాల సందులోంచి బయటికి వచ్చేసింది. ఒక ఎద్దుల బండి వస్తోంది. ఆమె దానివైపు చూసి, అరచేయి ఎత్తి ఆపమని సైగ చేసింది. బండివాడు పగ్గాలు బిగించాడు. ఆమె కాలు ఈడ్చుకుంటూ రోడ్డు దాటి వచ్చి, జట్కా మెట్టు దగ్గర నిలబడి రెండు చేతులూ చాపింది.

"ఇటియ్యి," అంది.

నేను బిడ్డను ఇచ్చాను. మా మామ ముందుకు తిరిగి గుర్రం చెవుల వైపు చూస్తూ కూర్చున్నాడు, చాలాసేపు దిగలేదు.

తర్వాత మా ఆయన ఆమెకు తోడుగా ఉండి రోడ్డు దాటించి, తిరిగి మూటలు దించడానికి వచ్చాడు. మా అత్త బిడ్డతో ముందు పోయింది. మేం మూటలు సర్దుకుని వీధిలోకి వచ్చేసరికి ఆమె మొదటి అంగడి దగ్గరే ఆగి ఉంది. బట్టలంగడి ఆయన భార్య బిడ్డను ఎత్తుకుంది. నేను పలకరించి ముందుకు నడిచాను. ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగి, ఉతికిన గుడ్డలు ఉయ్యాలలో పరిచి చూసినా బిడ్డ ఇంకా రాలేదు. గడపలోకి వచ్చి తొంగి చూశాను. బిడ్డ బొరుగుల అంగడి ఆయన తల్లి ఒడిలో ఉంది. పక్కన నలుగురు ఆడవాళ్ళు తమ వంతు కోసం నిలబడ్డారు. ఎదురుగా గాజులామె మోకాళ్ళు పట్టుకుని లేచి, అటువైపు మెల్లగా నడుస్తోంది.

"పాలకు ఏడుస్తాదేమో అత్తా," అని కేకేశాను.

"ఏడవలేదు లే," అని మా అత్త అక్కడి నుంచే బదులిచ్చింది. "నువ్వు కాసేపు పడుకో."